కింది బెర్తు వయసు

రైల్వే లెక్కలో ఆడదానికి 45 ఏళ్లు నిండితే కింది బెర్తుకు అర్హత వచ్చేస్తుంది. మగవాడికి 60 దాకా రాదు. టికెట్ బుక్ చేసేటప్పుడు వయసు దగ్గర 45 కొట్టి, పక్కన స్త్రీ అని పెడితే చాలు, ఖాళీ ఉంటే కంప్యూటరే కింది బెర్తు వేసేస్తుంది. 2020 మార్చి దాకా సీనియర్ సిటిజన్ రాయితీ ఉండేది కదా, అందులోనూ ఇదే వరస. మగవాళ్లకి 60 దాటాక 40 శాతం, ఆడవాళ్లకి 58కే 50 శాతం. కరోనాతో రాయితీ పోయింది గానీ బెర్తు సంగతి అలాగే ఉంది.

నాకు దీని మీద ఫిర్యాదేమీ లేదు. నేనూ వాడుకుంటున్నాను. మంచి ఉద్దేశంతో పెట్టిన నిబంధనే, మోకాళ్లు అరిగిన ఎంతమందికో అది పెద్ద ఉపకారం. కాకపోతే విశాఖ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్లిన ప్రతిసారీ నాకు నవ్వొస్తుంది. నాకు 53, కింద పడుకుంటాను. మా ఆయనకి 57, పైకెక్కుతాడు. నడుం నొప్పి ఉన్నది ఆయనకి.

ఆడదాని వయసు మగవాడి వయసు కంటే ముందే మొదలవుతుందని రైల్వే వాళ్లు కాగితం మీద రాసుకున్నారు కాబట్టి మనకి కనిపిస్తోంది. కాగితం మీద లేని చోట్ల, అంటే షాపుల్లో, ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో, ఇంటి ముందు హాల్లో అది ఇంకా ముందే మొదలవుతుంది. అక్కడ ఎవరూ బెర్తు ఇవ్వరు.

(ఆంటీ అనే పిలుపు గురించి రాస్తాననుకుంటున్నారేమో. రాయను. దాని మీద అందరూ రాసేశారు. పిలుపు ఏదైనా పని జరిగితే నాకు చాలు. పని జరగకపోవడం గురించే నా గోల.)

నేను తలకి రంగు మానేశాను. దీని వెనక సిద్ధాంతం, స్త్రీవాదం లాంటివేమీ లేవు, ఉన్నాయని చెప్పుకుంటే బాగుండేది. ముప్పై ఎనిమిదో ఏట మొదలుపెట్టిన రంగు అన్నేళ్లూ బాగానే ఉండి, ఒక సంక్రాంతి ముందు నెత్తి మీద మంట పుట్టించింది. మర్నాడు పొద్దుటికి కనురెప్పలు ఉబ్బి కళ్లు తెరుచుకోలేదు. చర్మం డాక్టరు చూడగానే చెప్పేసింది. రంగుల్లో పీపీడీ అనే రసాయనం ఉంటుంది, జుట్టుకి నలుపు పట్టించేది అదే. అది ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఇక మళ్లీ పడడం కష్టమట. హెర్బల్ అని, నల్ల గోరింటాకు అని అమ్మే పొడుల్లో కూడా కొన్నింట్లో ఇదే ఉంటుందని, వాటి జోలికీ పోవద్దని గట్టిగా చెప్పింది. సరే అన్నాను.

రంగు మానేసినవాళ్లకే తెలుస్తుంది ఆ మధ్య నెలల బాధ. పాపిట పక్కన తెల్లటి పట్టీ, దాని కింద ఎర్రబారిన పాత రంగు, చివర్లు నలుపు. అది దిగి, కత్తిరించి, తలంతా ఒకే రకంగా నెరుపు కనబడే వేళకి ఏడాది దాటింది. నా నడక మారలేదు, మాట మారలేదు, చేసే ఉద్యోగం మారలేదు, బరువు కూడా (దురదృష్టవశాత్తూ) మారలేదు. మారింది జుట్టు ఒక్కటే. కాబట్టి చుట్టుపక్కల వాళ్లలో వచ్చిన మార్పు దేనివల్ల వచ్చిందో వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

ద్వారకానగర్లో ఫోన్ కొనడానికి వెళ్లాం, నేనూ మా అమ్మాయీ. ఫోన్ నాకు. డబ్బులు నావి. అడుగుతున్నది నేను. "స్టోరేజీ ఎంత బాబూ?" అన్నాను. ఆ కుర్రాడు నా ప్రశ్న విని, ఫోన్ మా అమ్మాయి వైపు తిప్పి, జవాబు దానికి చెప్పాడు. "ఇంతది అమ్మగారికి అక్కర్లేదు మేడమ్, వాట్సాప్ చూసుకోవడానికి ఇది చాలు" అంటూ ఒక చవక ఫోన్ బయటికి తీశాడు. ఒక ప్రైవేటు కాలేజీలో అకౌంట్స్ చూస్తాను నేను. జీఎస్టీ రిటర్నులు నా చేత్తో వేస్తాను. అదంతా ఆ పిల్లాడికి తెలియాలని లేదు, తెలిసే అవకాశం లేదు. కానీ అంతకుముందు ఫోన్ ఇలాంటి షాపులోనే, ఇలాంటి కుర్రాడి దగ్గరే కొన్నాను. అప్పుడు నా మొహం చూసి మాట్లాడాడు, ఖరీదైనదే చూపించాడు, కవరు కూడా ఊరికే ఇచ్చాడు. మా అమ్మాయికి రోషం ఎక్కువ. "అడుగుతున్నది అమ్మ, ఆవిడతో మాట్లాడండి" అంది. కుర్రాడు కంగారుపడి "సారీ మేడమ్" అన్నాడు. ఆ సారీ కూడా దానికే చెప్పాడు.

ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు, పొగరుగానూ లేడు. నాకు బల్ల మీద నీళ్లు పెట్టించి, కూర్చోమని స్టూలు లాగాడు. ఆ స్టూలే నన్ను ఆలోచనలో పడేసింది. నా జుట్టు చూసి అతనికి మర్యాద పెరిగింది, నా మాట మీద నమ్మకం తగ్గింది. రెండూ ఒకేసారి, ఒకే మనిషిలో.

ఆడవాళ్ల వయసు గురించి మాటొస్తే వెంటనే "అందం పోయిందని బాధ, పొగడ్తలు లేవని బాధ" అని తేల్చేస్తారు. పొగడ్తలు పోతే పోయాయి. మన ఊళ్లలో ఆడదాని రూపానికి పొగడ్త ఒక్కటే ముడిపడి లేదు. వరసలో ఎవరి మాట ముందు వింటారు, ఎవరి నొప్పిని నమ్ముతారు, ఎవరికి ఏ కౌంటరు దగ్గర ఉద్యోగం ఇస్తారు, ఎవరికి పూర్తి సమాచారం చెబుతారు, ఎవరికి సగం చెప్పి పంపేస్తారు, ఇవన్నీ దానికే కట్టి ఉన్నాయి. రూపం జారితే వీటన్నిటినీ అది వెంట లాక్కుపోతుంది.

"అలా అంటారేంటండీ, మన దగ్గర పెద్దవాళ్లంటే గౌరవం కదా, విదేశాల్లో లాగా కాదు కదా" అంటారు. సగం నిజం. ఈ గౌరవం వయసుకి ఇచ్చేదే అయితే అది అన్ని ముసలితనాలకీ సమానంగా అందాలి. అందదు. మార్గశిర గురువారం పూట బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వెళ్లండి. పట్టుచీర, మెడలో నాలుగు పేటలు, నుదుట పెద్ద బొట్టు, తల నెరిసిన ఆవిడ వస్తే క్యూలో జనం తప్పుకుంటారు, "పెద్దావిడ, పోనివ్వండి" అంటారు. అదే వయసు ఆవిడ, అదే తెల్లజుట్టు, వెలిసిపోయిన నూలు చీర, బొట్టు లేని నుదురు, చేతిలో గుడ్డసంచి. "ఏయ్ మామ్మా, లైన్లో రా." పూర్ణా మార్కెట్ మెట్ల మీద కూర్చుని నిమ్మకాయలు అమ్మే ఆవిడ ఈ ఇద్దరికంటే పెద్దది, ఆవిడకి "నువ్వు" తప్ప వేరే మాట లేదు. కాబట్టి గౌరవం దక్కుతున్నది వయసుకు అనుకోవడం మన భ్రమ. ఆ వయసు మీద భర్త బతికున్న గుర్తులు, బంగారం, చీర ఖరీదు, ఒంటి రంగు ఎలా అమరాయో చూసుకుని ఇస్తున్నాం. కుర్రతనంలో అందం చూసి ఇచ్చినట్టే, ముసలితనంలోనూ చూపుకి ఆనేదాన్ని బట్టే ఇస్తున్నాం.

ఇందులో చిత్రం ఏంటంటే ఆ గుడిలో అమ్మవారి దగ్గర ఈ తేడా ఏమీ లేదు. పైకప్పు లేని చోట వెలసిన తల్లి, భక్తులు ఎవరికి వాళ్లు తమ చేత్తోనే పసుపు కుంకుమ వేసుకోవచ్చు. బొట్టు లేని నుదురు వెతికేది క్యూలో నిలబడ్డ మనమే.

మా వదిన భర్త పోయాక మొదటి వరలక్ష్మీ వ్రతానికి మా వీధిలో ఎవరూ పేరంటానికి పిలవలేదు. అంతకుముందు శ్రావణంలో ఆవిడ లేకుండా పాట మొదలయ్యేది కాదు. మనిషి అదే, గొంతు అదే, వయసు ఒక్క ఏడాది పెరిగింది. దీని మీద ఇంతకంటే రాయను, రాస్తే కోపం వస్తుంది.

ఉద్యోగాల సంగతికి వద్దాం, అసలు డబ్బు పోయేది అక్కడ. మా పక్క పోర్షన్లో అద్దెకుండే ఆవిడ నగరంలో ఒక పెద్ద చీరల షోరూములో చాలా ఏళ్లు చేసింది. చేరినప్పుడు పాతికేళ్ల లోపు. గ్రౌండ్ ఫ్లోర్, అద్దం తలుపు పక్కన, పట్టు సెక్షన్. కస్టమరు అడిగిన చీర తన భుజం మీద వేసుకుని, కుచ్చిళ్లు పట్టి, పమిట పరిచి చూపించాలి. రోజుకి ఎన్ని చీరలు ఒంటి మీద వేసుకుని తీసిందో లెక్క లేదు. ముప్పై దాటాక రెండో అంతస్తుకి మార్చారు, నూలు చీరలు. అక్కడ భుజం మీద వేసి చూపించే పని ఉండదు, బల్ల మీద పరిస్తే చాలు. తర్వాత లంగాలు, జాకెట్ ముక్కలు. ఆఖరికి సెల్లార్లో, కస్టమర్లు విప్పి పడేసిన చీరలు మడతపెట్టే చోట. ప్రతి మార్పుకీ ఒక మంచి కారణం చెప్పారట. "అక్కడ రష్ ఎక్కువ, నువ్వు తట్టుకోలేవు తల్లీ." ఎంత దయ!

ఆ సెల్లార్లో ఉన్న మనిషికి ఏం తెలుసో చెబుతాను. జరీ గోటితో గీరి అసలుదో కాదో చెబుతుంది. ఉప్పాడ జాందానీ వెనక వైపు తిప్పి చూపించి, బుటా దగ్గర దారం ఎలా తెగకుండా నేస్తారో, పవర్‌లూమ్ దానిలో వెనక దారాలు ఎలా వేలాడతాయో వివరిస్తుంది. పొందూరు ఖద్దరు చేతికిస్తే, దానికి పత్తి ఏకడానికి వాలుగ చేప దవడ ఎముక ఎందుకు వాడతారో (సన్నటి పళ్లు దువ్వెనలాగా చెత్తంతా లాగేసి, పీచుని తిన్నగా చేస్తాయి) ఒక్కో మెట్టూ చెబుతుంది. ఇదంతా ఇన్నేళ్ల నిలువుకాళ్ల చదువు. దేశంలో ఇంకే వ్యాపారంలోనైనా ఇంత తెలిసిన మనిషిని ముందు కూర్చోబెడతారు. చీరల వ్యాపారంలో సెల్లార్లో పెట్టారు, చీర చూపించే ఒంటికి ముప్పై దాటాయి కాబట్టి. అదే షోరూములో పట్టు సెక్షన్లో ఒకాయన ఉన్నాడు, బట్టతల, పొట్ట, అరవైకి దగ్గర. ఆయన లేచి వస్తే కస్టమర్లు "ఈయనకి బాగా తెలుసు" అని చుట్టూ చేరతారు. ఆయన వయసు ఆయనకి సర్టిఫికెట్.

మధ్యలో ఒక మాట. పదేసి గంటలు నిలబెట్టి ఆడపిల్లల కాళ్లలో నరాలు ఉబ్బేలా చేయకుండా, కూర్చునే హక్కు ఇవ్వాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల చట్టాలు మార్చాయి. ఆ షోరూములో స్టూలు కస్టమర్లకే ఉండేదట.

మన ఊళ్లో ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల గోడల మీద, కరెంటు స్తంభాల మీద ఉద్యోగాల కాగితాలు చూడండి. "రిసెప్షన్‌కి అమ్మాయిలు కావలెను, 18 నుంచి 28 లోపు, చూడ్డానికి బాగుండాలి." ఇది రాయడానికి ఎవరూ సిగ్గుపడరు. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడా మగా తేడా చూపకూడదని 1976లోనే చట్టం చేశారు. వయసు విషయంలో ప్రైవేటు ఉద్యోగాలకి అలాంటి ప్రత్యేక చట్టమే మన దేశంలో లేదు. కాబట్టి ఆడదని కాదనలేరు, ముదిరిందని కాదనొచ్చు.

దీనికి పెద్ద సాక్ష్యం సుప్రీంకోర్టులోనే ఉంది. అప్పట్లో ఎయిరిండియాలో ఎయిర్ హోస్టెస్‌లు 35 ఏళ్లకి రిటైరవ్వాలి. పెళ్లి మొదటి నాలుగేళ్లలో చేసుకుంటే ఉద్యోగం పోతుంది, మొదటి కడుపు నిలబడితే పోతుంది. మేనేజింగ్ డైరెక్టరు గారికి ఇష్టమైతే 45 దాకా పొడిగిస్తారు. అదే విమానంలో అదే సేవ చేసే మగ పర్సర్లకి 58. నర్గేష్ మీర్జా అనే ఉద్యోగిని, ఆవిడతో పాటు మరికొందరు కోర్టుకెక్కారు. 1981లో తీర్పొచ్చింది. కడుపుతో ఉంటే తీసేయడం ఏమిటని కోర్టు గట్టిగా కోప్పడి కొట్టేసింది. డైరెక్టరు గారి ఇష్టానిష్టాలనీ కొట్టేసింది. ప్రయాణికుల ముచ్చట తీర్చడానికి అలంకారపు బొమ్మల్లా కుర్ర అమ్మాయిలే కావాలన్న వాదన పస లేనిదని, అనుభవమున్న పెద్ద వయసు ఆడవాళ్లు ఇంకా బాగా చూసుకోగలరని కూడా అంది. ఇంత చెప్పిన కోర్టు 35 ఏళ్ల రిటైర్మెంటుని మాత్రం తప్పు పట్టలేదు, ఆరోగ్యం బాగుంటే 45 దాకా ఏటా పొడిగించి తీరాలంది, అంతే. ఆడవాళ్ల ఉద్యోగం వేరే కేడరు, వేరే షరతులు, కాబట్టి పోల్చకూడదంది. బొమ్మలు కారని చెబుతూనే బొమ్మల గడువుని ఉంచేసింది.

అదంతా పాత కథ, ఇప్పుడలా లేదు అంటే ఒప్పుకుంటాను, ఆ నిబంధనలు తర్వాత మారాయి. మా వీధి చివర అమ్మాయి ఎయిర్ హోస్టెస్ కోర్సుకి ద్వారకానగర్ వెళుతోంది. చదువు సంగతేమో గానీ రోజూ గంటసేపు మేకప్ క్లాసు ఉందంది.

సినిమాల గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకి పోతాను, ఎందుకంటే అందరికీ తెలిసిందే. 1972లో ఎన్టీఆర్‌కి మనవరాలిగా వేసిన శ్రీదేవి 1979లో ఆయన పక్కన హీరోయిన్. ఈ సంగతి చెప్పుకుని నవ్వుకుంటాం. నేను అంతకంటే గుండమ్మ సంగతి ఎక్కువ ఆలోచిస్తాను. 1962లో ఆ సినిమా వచ్చేసరికి సూర్యకాంతం గారికి ఇంకా 38 నిండలేదు. అల్లుళ్లిద్దరూ ఆవిడకంటే పెద్దవాళ్లే. ఎన్టీఆర్ ఏడాదిన్నర పెద్ద, అక్కినేని నెల పైచిలుకు పెద్ద. అల్లుళ్లు కాలేజీ కుర్రాళ్లలా పాటలు పాడుతుంటే, వాళ్ల ఈడుదే అయిన అత్తగారు గయ్యాళిగా తిట్లు తింటోంది. ఆవిడ మహానటి కాబట్టి మనకి ఆ లెక్క తట్టలేదు. తట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. 37 ఏళ్ల ఆడమనిషి అత్తగారిలా ఉండడం, 39 ఏళ్ల మగమనిషి పెళ్లికొడుకులా ఉండడం మన కళ్లకి సహజంగానే అనిపించింది.

ఆస్పత్రి మాట. మా అప్పకి (మేం ఇటువైపు అక్కని అలాగే అంటాం) 49వ ఏట మెడ, దవడ లాగేసేవి, కాస్త నడిస్తే ఆయాసం. ఒక ప్రైవేటు క్లినిక్కులో డాక్టరు రెండు నిమిషాలు విని, "ఈ వయసులో ఇవన్నీ మామూలేనమ్మా, గ్యాస్, టెన్షన్, నెలసరి ఆగే టైము" అని మాత్రలు రాశాడు. రెండోసారి వెళ్తే అదే మాట, ఇంకాస్త విసుగుతో. మూడోసారి కొడుకుని తీసుకెళితే ఈసీజీ తీశారు. గుండెకి స్టెంటు పడింది. ఆడవాళ్లకి గుండె జబ్బు వచ్చినప్పుడు ఛాతీ నొప్పితో పాటు దవడ నొప్పి, వెన్ను నొప్పి, వాంతి వచ్చినట్టుండడం, విపరీతమైన నీరసం మగవాళ్లలో కంటే ఎక్కువగా కనిపిస్తాయని వైద్యులందరికీ తెలుసు. చదువులో ఉంది. కానీ ఎదురుగా కూర్చున్నది నలభై తొమ్మిదేళ్ల, లావుగా, చెమట పట్టిన, మాటకి మాట సాగదీసే ఇల్లాలు. ఆవిడ చెప్పేదాంట్లో జబ్బు వినపడదు, నస వినపడుతుంది.

ఇంకోవైపు గర్భసంచి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఈ ఆపరేషన్ ఎక్కువగా జరిగే రాష్ట్రాల ముందువరసలో మనది ఉంటూ వస్తోంది. కొందరికి అది తప్పనిసరే, ప్రాణం నిలుపుతుంది, కాదనను. కానీ ఎంతమంది ఆడవాళ్లు "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకది, తీయించేసుకోండి" అన్న ఒక్క వాక్యంతో బల్ల ఎక్కారో మన చుట్టాల్లోనే లెక్కపెట్టుకోవచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే ఆ మర్నాడే ముట్లుడిగినట్టు, ఎముకల బలం దగ్గర్నుంచి గుండె దాకా దెబ్బ తగలొచ్చు. ఇంకెందుకది అన్న ప్రశ్న 45 ఏళ్ల మగవాడి ఒంట్లో ఏ భాగం గురించైనా ఏ డాక్టరైనా అడుగుతాడా?

ఇప్పుడు నన్ను అడిగే ప్రశ్నలు. మగవాళ్లకి లేదా ఈ బాధ? ఉంది. బట్టతల వచ్చిన కుర్రాడికి పెళ్లి సంబంధాలు తప్పిపోవడం మా ఇంట్లోనే చూశాను, వాడు పడ్డ అవమానం తక్కువేమీ కాదు. అయితే పెళ్లయిపోయాక ఆ బట్టతల వాడి ప్రమోషన్ ఆపలేదు. ఆడవాళ్లకి ఆడవాళ్లే శత్రువులు కదా? "రంగు వేసుకో, పదేళ్లు పెద్దగా కనబడుతున్నావు" అని నాకు చెప్పినవాళ్లలో నూటికి తొంభై మంది ఆడవాళ్లే, నిజమే. వాళ్లు శత్రువులేమీ కాదు. తెల్ల జుట్టుతో ఏమేం పోతాయో వాళ్లకి బాగా తెలుసు, నా మంచి కోరే చెప్పారు. అలాగని రంగు వేసుకుని, కాస్త మంచి చీర కట్టి, లిప్‌స్టిక్ రాస్తే ఊరుకుంటారా? "ఈ వయసులో ఈవిడకి సోకులేంటో" అని వాళ్లే అంటారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

హాయిగా ఉన్న సంగతి ఒకటుంది, దాచుకోను. తెల్లారగట్ల బీచ్ రోడ్డు మీద ఇప్పుడు నడుస్తుంటే ఎవరూ పాటలు పాడరు, పక్కన బండి స్లో చెయ్యరు. బస్సులో వెనక నించి చేతులు తగలవు. ఇరవై ఏళ్లప్పుడు ఏయూ గేటు నుంచి మద్దిలపాలెం దాకా నడవాలంటే ఫైళ్లు గుండెకి హత్తుకుని నడిచేదాన్ని. ఇప్పుడు చేతులూపుకుంటూ పోతాను. ఈ స్వేచ్ఛ నాకు నచ్చింది. కానీ ఇది ఎవరో నాకు ఇచ్చిన గౌరవం అని మాత్రం అనుకోలేను. అప్పుడు నన్ను వేధించినదీ, ఇప్పుడు ఫోన్ షాపులో నా ప్రశ్నకి జవాబు వేరేవాళ్లకి చెప్పినదీ ఒకే కొలబద్ద. ఆడపిల్లగా ఉన్నప్పుడు అక్కర్లేనంత చూశారు, ఇప్పుడు అవసరమైనంత కూడా చూడడం లేదు.

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకి బస్సు ఉచితమైంది కదా, స్త్రీ శక్తి పథకం. కాలేజీ పిల్లలు ఎక్కితే "పాపం, చదువుకునే పిల్లలు" అంటారు. చీర కట్టిన యాభై ఏళ్ల ఆవిడ సంచీతో ఎక్కితే వెనక సీట్లోంచి ఎవరో ఒకరు, "ఫ్రీ అనేసరికి ఇళ్లలో కూర్చోవడం మానేశారు" అంటారు. ఆవిడ నాలుగిళ్లలో అంట్లు తోమి వస్తోందేమో, ఆస్పత్రిలో మొగుడికి క్యారేజీ తీసుకెళుతోందేమో. ఏ పనీ లేకుండా భీమిలి చూడ్డానికే వెళుతోందనుకోండి, అయితే ఏం? జీరో టికెట్ ఆ పాపకి ఎంతో ఆవిడకీ అంతే.

వయసు పెరిగే కొద్దీ ఆడదాని మాట బరువు పెరిగే చోటు విశాఖలో నేను చూసింది ఫిషింగ్ హార్బరు. పొద్దున్నే బోట్లు వచ్చే వేళకి వెళ్లండి. కోనాం, వంజరం, రొయ్య తట్టల్లో పోసి పాట పెడతారు. అక్కడ అరవై దాటిన జాలరి ఆడవాళ్లు తట్ట మీద చెయ్యి వేసి, మొప్ప ఎత్తి చూసి, ఒక్క ధర అంటారు. "ఏటి బాబూ, నిన్నటి సేపకి ఈయాల్టి రేటా?" అని ఒకావిడ నా ముందే ఒక పెద్ద వ్యాపారిని నిలదీసింది. అతను గొణిగి రేటు దించాడు. ఆవిడ మొహం మీద ఉప్పుగాలికి పడ్డ ముడతలు ఉన్నాయి, ముందు పళ్లు రెండు లేవు, అయినా చుట్టూ ఉన్న మగవాళ్లు ఆవిడ నోటివంకే చూస్తున్నారు. ఆవిడకి తెలిసింది డబ్బుగా మారడం అక్కడ అందరి కళ్ల ముందే జరుగుతుంది, అందుకని మొహం ఎవరికీ పట్టదు. మా పక్కింటావిడ జరీ చదువు కూడా అలాంటిదే, దాన్ని సెల్లార్లో పెట్టి తాళం వేశారు. హార్బరుని మరీ ఆకాశానికెత్తడం లేదు. అదే ఆవిడ ఎనిమిదింటికి తట్ట నెత్తిన పెట్టుకుని మన కాలనీకొస్తే, అరగంట బేరమాడి, "నీ చేప వాసనొస్తోంది, గేటు బయటే ఉండు" అనేది మనమే.

పక్కింటావిడ ఆ షోరూము మానేసింది. ఇప్పుడు ఇంట్లోనే ఫాల్, పికో కుడుతూ, పెళ్లి వాళ్లకి చీరలు కొనిపెట్టడానికి వెంట వెళుతోంది. షోరూముల్లో ఆవిడ జరీ గీరి చూస్తుంటే సేల్స్ కుర్రాళ్లకి చెమటలు. మా అమ్మాయి పెళ్లి చీరలన్నీ ఆవిడే ఎంచింది. పెళ్లి మాఘంలో. ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న రగడ చీరల గురించి కాదు, నా తల గురించి. వియ్యాలవారి తరఫున ఎవరో "పెళ్లికూతురి తల్లా, నాయనమ్మా?" అన్నారట. ఫొటోలు జన్మంతా ఉంటాయి, ఒక్కసారికి వేసుకో అని మా అత్తగారి నుంచి మా చెల్లెలి దాకా అందరూ మొదలుపెట్టారు. పీపీడీ లేని రంగులు కూడా ఉన్నాయట, మా చెల్లెలు ఫోన్లో వెతికి పంపించింది. కనురెప్పలు ఉబ్బిన ఫొటో ఆల్బమ్‌లో ఎలా ఉంటుందో దానికి గుర్తుచేశాను. మా ఆయన జుట్టు నాకంటే తెల్లగా ఉంది, ఆయన్ని ఇంతవరకు ఎవరూ ఏమీ అనలేదు. ముందు ఆయనకి వెయ్యండి, నచ్చితే నా సంగతి చూద్దాం అన్నాను. మా ఆయన వెంటనే, రంగు తన ఒంటికి పడదేమోనని భయంగా ఉందన్నాడు.